ప్రతిభ ఉంటే నేరం తగ్గుతుందా? దండయాత్రల చరిత్రపై ఒక పరిశీలన

ములుగు జిల్లాలో కాకతీయుల గురించి రెండు జ్ఞాపకాలు పక్కపక్కనే నిలిచి ఉన్నాయి. పాలంపేటలో సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి, దాని దగ్గరి చెరువు, 2021లో దక్కిన యునెస్కో గుర్తింపు ఆ పాలన నిర్మాణ దక్షతను చాటుతాయి. అదే జిల్లాలోని మేడారంలో రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ జరిగే జాతర మాత్రం ఆ వంశాన్ని దండెత్తి వచ్చిన సైన్యంగానే గుర్తుంచుకుంది. కోయల గాథ ప్రకారం, కరువు వల్ల కప్పం కట్టలేకపోయిన పగిడిద్దరాజుపైకి ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపాడు. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు పోరులో నేలకొరిగారు, జంపన్న సంపెంగ వాగులో దూకి ప్రాణం విడిచాడు, సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి మళ్లీ కనిపించలేదు. ఈ గాథలోనే వినిపించే, పొలవాసను ఏలిన మేడరాజును ఓడించినట్టు అంతకు చాలా ముందటి కాకతీయ రాజు రుద్రదేవుని శాసనం చెప్పుకుంటుంది కాబట్టి, వేర్వేరు కాలాల యుద్ధాలు ఈ గాథలో కలిసిపోయి ఉండవచ్చు. అయినా గుడి కట్టిన రాజ్యమూ, కప్పం కోసం అడవి మీదికి సైన్యాన్ని తోలిన రాజ్యమూ ఒకటేనన్న ఎరుక ఈ ప్రాంతపు జనానికి ఎప్పటినుంచో ఉంది.

గొప్ప విజేతలను మేధావులుగా లెక్కించాలా, నేరస్థులుగా లెక్కించాలా అన్న ప్రశ్న కళాశాల వక్తృత్వ పోటీల్లోనూ, పోటీ పరీక్షల వ్యాసాల్లోనూ తరచుగా వినిపిస్తుంది. అడిగే తీరులోనే రెండింటిలో ఒకటి ఎంచుకోవాలన్న ఒత్తిడి ఉంటుంది. కొందరు జాగ్రత్తపరులు రెండూ కొంత కొంత అని సర్దుబాటు చేసి, ప్రతిభను ఒక పళ్లెంలో, రక్తపాతాన్ని మరో పళ్లెంలో పెట్టి తూస్తారు. ఈ తూకమే తప్పు. ప్రతిభ అన్నది మనిషి శక్తికి సంబంధించిన విషయం, నేరం అన్నది ఆ శక్తితో అతడు చేసిన పనికి సంబంధించిన విషయం. మొదటిది రెండోదాన్ని తగ్గించలేదు. కావాలని, ఆలోచించి, ఏర్పాట్లు చేసి సాగించిన హింసలో ప్రతిభ ఎంత ఎక్కువగా కనిపిస్తే బాధ్యత కూడా అంత బరువెక్కుతుంది.

ముందుగా ప్రతిభ సంగతి. అది లేదని వాదించడం చరిత్రకు అన్యాయమే అవుతుంది. సముద్రం మధ్య ద్వీపంగా ఉన్న టైర్ నగరాన్ని పట్టుకోవడానికి అలెగ్జాండర్ క్రీ.పూ. 332లో తీరం నుంచి కోట గోడ దాకా రాళ్లతో, దుంగలతో కట్ట వేయించాడు. ఏడు నెలల ముట్టడి తర్వాత నగరం అతని వశమైంది. చెంఘిజ్ ఖాన్ తెగల పాత కట్టుబాట్లను పగలగొట్టి సైన్యాన్ని పది, వంద, వెయ్యి, పదివేల దళాలుగా విడగొట్టాడు, గుర్రాల మజిలీలతో వార్తలు పరిగెత్తించాడు, కోటలు పడగొట్టడం రాని గుర్రపు రౌతులకు చైనా నుంచి తెచ్చిన యంత్ర నిపుణులను జతచేశాడు. నెపోలియన్ 1805లో తన సైన్యాన్ని వేర్వేరు దారుల్లో నడిపించి సరిగ్గా యుద్ధవేళకు ఒకచోట చేర్చిన తీరును సైనిక విద్యాలయాలు ఇప్పటికీ పాఠంగా చెబుతాయి.

అయితే ఈ ప్రతిభ అంతా ఒక్కరి ఖాతాలో వేసే అలవాటును కాస్త అనుమానించవలసి ఉంది. పొడవాటి ఈటెల దళాన్ని తయారుచేసినవాడు అలెగ్జాండర్ కాదు, అతని తండ్రి ఫిలిప్. మంగోలుల పెద్ద యుద్ధాల్లో చాలావాటి వ్యూహం సుబుతై అనే సేనానిది. నెపోలియన్ పేరుతో 1804లో వెలువడిన పౌరస్మృతి ముసాయిదాను నలుగురు న్యాయవేత్తలు రాశారు, చాలా చర్చల్లో అతడు స్వయంగా కూర్చున్నాడు. పేరు ఒక్కరిదే నిలవడం వెనుక పరాజితుల భయం ఎంత ఉందో, ఆస్థాన కవుల శ్రమ కూడా అంతే ఉంది.

ఇప్పుడు అదే ప్రతిభ ఊచకోతలో ఎలా పనిచేసిందో చూడాలి. 1221లో మధ్య ఆసియాలోని మెర్వ్ నగరం లొంగిపోయాక జరిగినదాన్ని మంగోలుల కొలువులోనే పనిచేసిన పారశీక చరిత్రకారుడు జువైనీ రాశాడు. జనాన్ని నగరం వెలుపలి మైదానంలోకి రప్పించారు, చేతిపనివారిని నాలుగు వందల మందిని, కొందరు పిల్లలను వేరుచేశారు, మిగిలినవారిని సైనికులకు మనిషికి ఇంతమంది అని పంచి చంపించారు. మృతుల సంఖ్యను పదమూడు లక్షలుగా అతడు ఇచ్చినది నమ్మదగినది కాదు. ఆ నగరంలో అంత జనం పట్టరు, చుట్టుపక్కల పల్లెల నుంచి పారిపోయి వచ్చినవారిని కలిపినా ఆ లెక్క కుదరదు. కానీ సంఖ్యను పదో వంతుకు తగ్గించినా, పద్ధతి మాత్రం అలాగే ఉంటుంది. దశాంశ పద్ధతిలో సైన్యాన్ని కూర్చిన బుద్ధే దశాంశ పద్ధతిలో హత్యలనూ పంచింది. తైమూరు విషయంలో ఇది మరింత స్పష్టం. 1398లో ఢిల్లీ యుద్ధానికి ముందు వెనుక నుంచి తిరగబడతారేమోనన్న భయంతో వేలాది బందీలను చంపించిన అతడే, యుద్ధం ముగిశాక రాళ్లు చెక్కే పనివారిని ఏరి సమర్‌కంద్‌కు తరలించాడు. ఎవరు పనికొస్తారో, ఎవరు పనికిరారో తేల్చే లెక్క రెండింటిలోనూ ఒకటే. ఇక్కడ ప్రతిభను ఒక పేజీలోనూ క్రూరత్వాన్ని మరో పేజీలోనూ రాసే పాఠ్యపుస్తకం పాఠకుణ్ని తప్పుదారి పట్టిస్తుంది.

దీనికి వచ్చే మామూలు సమాధానం, ఆ కాలం అలాంటిది, అందరూ అదే చేశారు, ఈనాటి కొలబద్ద ఆనాటివారికి పెట్టకూడదు అన్నది. వినడానికి న్యాయంగా ఉన్నా ఈ వాదం ఆధారాల ముందు నిలవదు. ఈనాటి కొలబద్ద అక్కరలేకుండానే, ఆనాటి కొలబద్దలే చాలినన్ని దొరుకుతున్నాయి.

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో విజేతలను మూడు రకాలుగా విడగొట్టాడు. ఎదుటి రాజు లొంగుబాటుతో తృప్తిపడేవాడు ధర్మవిజయి. భూమిని, ధనాన్ని తీసుకుని ఊరుకునేవాడు లోభవిజయి. భూమి, ధనంతో పాటు కొడుకులను, భార్యలను, చివరికి ప్రాణాన్ని కూడా తీసుకునేవాడు అసురవిజయి. కౌటిల్యుడు ఈ మాట చెప్పింది న్యాయపీఠం మీద కూర్చుని కాదు, బలవంతుడు మీదికి వస్తే బలహీనుడు ఎవరితో ఎలా నెగ్గుకురావాలో సలహా ఇస్తూ చెప్పాడు. అందుకే ఈ విభజనకు విలువ ఎక్కువ. దయాధర్మాలు పెద్దగా పట్టని రాజనీతిజ్ఞుడు కూడా మూడో రకాన్ని అసురుడితో పోల్చాడంటే, అందరూ అదే చేశారన్న మాట ఆనాడే చెల్లలేదని అర్థం.

ఈ కొలతను సముద్రగుప్తుడికి పెట్టి చూడవచ్చు. హరిషేణుడు రచించిన అలహాబాద్ స్తంభ శాసనంలో దక్షిణాది రాజుల పట్టికలో పిష్టపురం మహేంద్రుడు, వేంగి హస్తివర్మ కూడా ఉన్నారు, అంటే నేటి పిఠాపురం, పెదవేగి ప్రాంతాల పాలకులు. వారిని పట్టుకుని, విడిచిపెట్టి, అనుగ్రహించాడని శాసనం చెబుతుంది. అదే శాసనం ఆర్యావర్తపు రాజులను మాత్రం బలప్రయోగంతో పెకలించివేశాడని పొగుడుతుంది. దూరంగా ఉన్నవారి విషయంలో ధర్మవిజయి, పొరుగువారి విషయంలో అంతకు చాలా భిన్నమైనవాడు. వీణ వాయిస్తున్న భంగిమలో నాణేలు ముద్రించుకున్న ఈ రాజు కళాభిరుచిని కాదనవలసిన పని లేదు. కానీ వీణ చేతిలో ఉన్నందుకు పెకలించబడిన వంశాల సంగతి మరచిపోవాలన్న నియమం ఎక్కడా లేదు. పోతే, ఈ ప్రశస్తి చెక్కిన రాతిస్తంభం మీదే అశోకుని శాసనాలు కూడా ఉన్నాయి.

అశోకుని పదమూడవ శిలాశాసనం ఈ చర్చలో అన్నిటికన్నా బరువైన సాక్ష్యం. కళింగ యుద్ధంలో లక్ష మంది హతులయ్యారని, లక్షా యాభై వేల మందిని బందీలుగా తరలించారని, అంతకు ఎన్నో రెట్ల మంది ఇతర కారణాలతో చనిపోయారని గెలిచిన రాజే చెప్పుకున్నాడు. అంకెలు గుండ్రంగా ఉన్నాయి, అయినా వాటిని తగ్గించుకోవలసిన అవసరం ఉన్నవాడే రాయించాడు. కర్నూలు ప్రాంతపు ఎర్రగుడిలో ఈ శాసనం ఉంది. కళింగంలోని ధౌలి, జౌగడల్లో మాత్రం లేదు, అక్కడ ఆ స్థానంలో స్థానిక అధికారులకు ఇచ్చిన వేరే ఆదేశాలు చెక్కించారు. పశ్చాత్తాపం ఎవరికి వినిపించాలో వారికి తప్ప మిగిలినవారికి వినిపించిందన్నమాట. పైగా అదే శాసనంలో అటవీ జాతులకు హెచ్చరిక కూడా ఉంది. రాజు పశ్చాత్తాపపడుతున్నా దండించే శక్తి అతనికి ఉందని, వారు తప్పుడు నడత మానకపోతే చావు తప్పదని దాని సారాంశం. అశోకుణ్ని తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. యుద్ధ విజయాన్ని దుఃఖకారణంగా ప్రకటించిన చక్రవర్తి ప్రాచీన చరిత్రలో దాదాపు అతడొక్కడే. క్రీస్తుకు పూర్వమే ఒక విజేత తన విజయాన్ని ఈ కళ్లతో చూడగలిగాడంటే, తరువాతివారికి అలా చూడటం సాధ్యం కాలేదని చెప్పే వీలు లేదు.

రోములోనూ ఇలాంటి సాక్ష్యమే ఉంది. జూలియస్ సీజర్ క్రీ.పూ. 55లో రైన్ నది దగ్గర ఉసిపెతులు, తెంక్తెరులు అనే రెండు జర్మను తెగలపై, వారి నాయకులు మాట్లాడటానికి వచ్చినప్పుడు వారిని నిర్బంధించి, శిబిరంపై దాడి చేశాడు. ఆడవారు, పిల్లలు పారిపోతుంటే గుర్రపు దళాన్ని వెంట పంపినట్టు అతడే రాసుకున్నాడు. శత్రువుల సంఖ్య 4,30,000 అని కూడా లెక్క చెప్పాడు. ఆ వార్త అందాక సెనేటు దేవతలకు కృతజ్ఞతా పూజలు జరపడానికి సిద్ధపడుతుండగా, సంధి విరామాన్ని ఉల్లంఘించిన సీజర్‌ను ఆ తెగలకే అప్పగించాలని సెనేటు సభ్యుడు కేటో వాదించాడు. కేటోకు సీజర్‌తో రాజకీయ వైరం ఉన్న మాట నిజమే. కానీ ఆ వైరానికి ఆయుధంగా వాడుకోవడానికి నేరం అన్న భావన సభలో అప్పటికే ఉండాలి కదా.

ఈ వెలుగులో ఓరుగల్లు మీదికి వచ్చిన దండయాత్రలను చూస్తే కొన్ని సంగతులు తేటపడతాయి. 1303 ప్రాంతంలో అలాఉద్దీన్ ఖిల్జీ పంపిన మొదటి సైన్యం ఉప్పరపల్లి దగ్గర ఓడి వెనుదిరిగింది. 1310లో ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ మట్టికోటను ఛేదించి రాతికోటను చుట్టుముట్టినప్పుడు ప్రతాపరుద్రుడు సంధికి దిగాడు. మెడలో బంగారు గొలుసు వేసిన తన బంగారు ప్రతిమను పంపాడని, కొల్లసొత్తు వేయి ఒంటెల మీద తరలిందని ఖిల్జీ ఆస్థాన రచయిత అమీర్ ఖుస్రో రాశాడు. రాజ్యం ప్రతాపరుద్రుడి చేతిలోనే ఉండిపోయింది. కౌటిల్యుడి మాటల్లో ఇది లోభవిజయం. 1323లో ఉలుగ్ ఖాన్, అంటే తరువాతి ముహమ్మద్ బిన్ తుగ్లక్, రెండో ప్రయత్నంలో కోటను పట్టుకున్నాక జరిగింది వేరు. రాజును బందీగా ఢిల్లీకి తరలించారు, నగరం పేరును సుల్తాన్‌పూర్‌గా మార్చారు, కోట మధ్యలోని స్వయంభూ శివాలయాన్ని కూల్చారు. దారిలో నర్మద ఒడ్డున ప్రతాపరుద్రుడు మరణించాడని ప్రోలయ నాయకుని విలస శాసనం చెబుతుంది. నాటి ఆలయ ప్రాంగణానికి నాలుగు దిక్కులా ఉన్న తోరణాలు మాత్రం మిగిలాయి. ఇప్పుడు తెలంగాణ రాజముద్రలో కనిపించేది ఆ తోరణమే.

ఇక్కడితో ఆగితే కథ సుఖంగా ఉంటుంది, ఢిల్లీ నుంచి వచ్చినవారు నేరస్థులు, ఓరుగల్లువారు బాధితులు అని తేల్చేయవచ్చు. కానీ రెండు దండయాత్రలకు నడుమ, 1316 నాటికి, ప్రతాపరుద్రుడి సేనాని ముప్పిడి నాయకుడు దక్షిణాన కంచి దాకా వెళ్లి దాన్ని ఆక్రమించాడు. కంచి ప్రజలకు ఆ సైన్యం ఏ రూపంలో కనిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. అంతకు ముందు తరాల్లో హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర 1163లో నిలిపిన సంస్కృత శాసనం రుద్రదేవుని విజయాలను ఏకరువు పెడుతూ శత్రువు పట్టణాన్ని తగలబెట్టడాన్ని ఘనకార్యంగానే వర్ణిస్తుంది. రుద్రుడంటే భయంతో చాళుక్య రాజు తైలపుడు అతిసారం పట్టి చనిపోయాడని కూడా ఆ కవి రాశాడు. ప్రశస్తి రాసేవారి ఉత్సాహానికి హద్దు ఉండదనడానికి ఇదొక మచ్చుతునక. సొంత ఊరి రాజు తగలబెట్టిన పట్టణాన్ని వీరగాథగా, పరాయి రాజు తగలబెట్టిన పట్టణాన్ని అఘాయిత్యంగా చదవడం మానేస్తేనే ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు వెతకడం మొదలవుతుంది.

నేరస్థుడు అన్న ముద్రను ఎవరు వేస్తారన్నది మరో చిక్కు. ఉత్తర తెలంగాణకు ఈ చిక్కు సర్వాయి పాపన్న రూపంలో బాగా తెలుసు. ఇప్పటి జనగామ జిల్లా ఖిలాషాపూర్ కేంద్రంగా బలం పెంచుకున్న ఈ గీత కులస్థుడు 1708లో మొహర్రం సమయంలో వరంగల్ నగరంపై పడి కొల్లగొట్టాడు, కొద్ది నెలల్లో భువనగిరిపైనా దాడి చేశాడు. మొగలుల చరిత్ర రాసిన ఖాఫీ ఖాన్ దృష్టిలో అతడు బందిపోటు, బందీలను పట్టుకున్న దోపిడీదారు. జనపదాల్లో పాడే కథలో అతడు గోల్కొండను ఏలాలని కలగన్న వీరుడు. రెండు కథనాలకు మధ్య జరిగిన అసలు ఘటన అన్నిటికన్నా ఆసక్తికరమైనది. 1709లో బహదూర్ షా హైదరాబాద్‌లో ఉన్నప్పుడు పాపన్న భారీ నజరానా సమర్పించాడు, చక్రవర్తి దాన్ని స్వీకరించి ఖిల్లత్, అంటే గౌరవ వస్త్రం, ఇచ్చాడు. అంటే కొద్దికాలం పాటు అతడు దొంగ కాదు, గౌరవనీయుడైన సామంతుడు. నగర ప్రముఖులు నిరసన తెలపడంతో చక్రవర్తి మనసు మార్చుకున్నాడు, 1710లో పాపన్నను చంపించారు. అతడి పనులు అంతకు ముందు, ఆ తర్వాత ఒకటే, మారినది దర్బారు నిర్ణయం. అతడి సైన్యం చేతిలో చిక్కిన వరంగల్ వాసుల బాధను పాట దాచినట్టే, అతణ్ని తిరుగుబాటుకు తోసిన కుల పీడనను చరిత్రకారుడు దాచాడు. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం ఆగస్టు 18న పాపన్న జయంతిని అధికారికంగా జరుపుతోంది. అది న్యాయమే, కానీ విగ్రహం నిలబెట్టినంత మాత్రాన 1708 నాటి దోపిడీ జరగనిదైపోదు. చక్రవర్తులకు పెట్టే కొలతనే పాపన్నకూ పెట్టాలి, పాపన్నకు పెట్టిన కొలతనే చక్రవర్తులకూ పెట్టాలి. ఇందులో రెండో సగమే ఎక్కువ అరుదుగా జరుగుతుంది.

ఫలితాలను చూపి విజేతలను వెనకేసుకొచ్చే వాదం ఇంకొకటి ఉంది. మంగోలుల వల్ల చైనా నుంచి నల్లసముద్రం దాకా వర్తకుల దారులు తెరుచుకున్నాయని, నెపోలియన్ వల్ల ఐరోపాకు చట్టం ముందు సమానత్వం వచ్చిందని అంటారు. ఇందులో నిజం ఉన్నా, ఫలితం హింసకు పరిహారం ఎలా అవుతుందో చెప్పరు. పౌరస్మృతి తెచ్చిన నెపోలియనే 1802లో ఫ్రెంచి వలసల్లో బానిసత్వాన్ని తిరిగి చట్టబద్ధం చేశాడు. 1799లో పాలస్తీనా తీరంలోని జాఫాలో లొంగిపోయిన వేలమంది సైనికులను చంపించాడు. చట్టాలు చేయడానికి జాఫా అవసరం కాలేదు. వర్తకానికీ అంతే. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం దీనికి దగ్గరి ఉదాహరణ. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారని, తాము మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోమని అందులో ప్రకటించాడు. గణపతిదేవుడూ విజేతే, తీరప్రాంతం అతని చేతికి వచ్చింది యుద్ధాలతోనే. దివిసీమను గెలిచాక అక్కడి అయ్య వంశపు ఆడపడుచులు నారాంబ, పేరాంబలను పెళ్లాడి, వారి సోదరుడు జాయపను సేనానిగా చేసుకున్నాడు. ఆ జాయప తరువాత నృత్యశాస్త్ర గ్రంథం రాశాడు. ఈ ఒక్క పాలనలోనే దండయాత్ర వేరు, దాని తర్వాతి పరిపాలన వేరు అని విడదీసి చూడవచ్చు. రేవుకు మంచి పేరు తెచ్చినది సుంకం మీద ఇచ్చిన మాట. దివిసీమ మీద పడిన సైన్యానికి ఆ పేరులో వాటా లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ చర్చ చట్టం భాషలోకి వచ్చింది. అంతకు ముందు, నెపోలియన్ 1815లో తనను ప్రవాసం పంపిన ఎల్బా దీవి నుంచి తిరిగి వచ్చినప్పుడు వియన్నాలో సమావేశమైన రాజ్యాలు అతణ్ని సమాజ సంబంధాలకు వెలుపలివాడిగా ప్రకటించాయి గాని విచారణ జరపలేదు, దూరపు దీవికి పంపి ఊరుకున్నాయి. యుద్ధాన్ని జాతీయ విధానంగా వాడబోమని 1928లో చాలా దేశాలు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 1946లో నాజీ నాయకులను విచారించిన న్యూరెంబర్గ్ న్యాయస్థానం దురాక్రమణ యుద్ధం ప్రారంభించడాన్ని అన్ని దుష్కార్యాలనూ తనలో ఇముడ్చుకున్న అత్యున్నత అంతర్జాతీయ నేరంగా పేర్కొంది. అయితే గెలిచినవారు ఓడినవారిని విచారించారన్న ఆక్షేపణ ఆ తీర్పుకు ఇప్పటికీ అంటుకుని ఉంది, ఆ ఆక్షేపణలో పస కూడా ఉంది.

రోమ్ ఒప్పందంతో 2002లో పని ప్రారంభించిన అంతర్జాతీయ క్రిమినల్ న్యాయస్థానానికి దురాక్రమణ నేరంపై అధికారం 2018 జులైలో అమల్లోకి వచ్చింది. ఈ నేరాన్ని నిర్వచించిన తీరు గమనించదగినది. మామూలు సైనికుడు దీని కింద నిందితుడు కాడు. రాజ్యపు రాజకీయ, సైనిక చర్యలను నడిపించగల, అదుపు చేయగల స్థానంలో ఉన్నవారే నిందితులవుతారు. ఏ నాయకత్వ సామర్థ్యం చూపి పాత చరిత్ర విజేతకు మినహాయింపు ఇచ్చిందో, దాన్నే కొత్త చట్టం నేరానికి అర్హతగా తీసుకుంది. అమలు మాత్రం వేరే కథ. అమెరికా, రష్యా, చైనా, భారతదేశం ఆ న్యాయస్థానంలో సభ్యులు కావు, సభ్యత్వం లేని దేశాల నాయకులపై ఆ న్యాయస్థానం ఈ నేరాన్ని తనంతట తాను మోపలేదు. ఇంతవరకు దురాక్రమణ నేరం కింద అది ఎవరికీ శిక్ష విధించలేదు.